మామకు పంపిన మట్టి

కరీంనగర్,
7 మే 2023

బక్కయ్య మామకు,

నీ ఏంజెల్ వందనాలు. చర్చి నుంచి వచ్చి అన్నం కూడా వండకుండా ఇది రాస్తున్నాను. సృజన ఆకలి అని గోల పెడుతుంటే చేతిలో రెండు బిస్కెట్లు పెట్టి కూర్చున్నాను. ఏం తల్లినో ఏమో.

నిన్న ప్రిస్కిల్లా అత్తకు ఫోన్ చేశాను. పక్కనే నువ్వు "ఏమంటుంది, ఏమంటుంది" అని ఆమె చెయ్యి గుంజుతూనే ఉన్నావట. ఆమె పలక మీద రాసి నీకు చూపించేసరికి నేను ఇంకో మాటలోకి వెళ్ళిపోయాను. బావిలో బండ పేలి నీ చెవులు పోయిన దగ్గర్నుంచి మనిద్దరికీ ఈ కాగితాలే దిక్కు. ఒకందుకు మంచిదే. ఫోన్లో అయితే నన్ను మాట పూర్తి చేయనిచ్చేవాడివి కాదు.

సంగతి ఏమిటంటే, ఇల్లు మొదలుపెడుతున్నాం. ఊరి శివారులో తీసుకున్న ప్లాటు గురించి చెప్పాను కదా. ఆ చుట్టుపక్కల అన్నీ కొత్త ప్లాట్లే, రోడ్డుకు సమానంగా ఎత్తు చేసి అమ్మారు. మీ అల్లుడు జేమ్స్‌కు కింద సెల్లార్ కావాలట, బండ్లు పెట్టుకోవడానికి, కిరాయికి ఇవ్వడానికి. అంటే నిలువెత్తు కంటే లోతు తవ్వాలి. తవ్వకానికీ, రాతి గోడలకీ మనుషులను చూస్తున్నాం. చూడటమే నెల నుంచీ మా పని.

ఒకాయన వచ్చి ప్లాటులోకి దిగకుండానే గేటు ఏ రంగు వేయిద్దామని అడిగాడు. ఇంకొకాయన మాట మాట్లాడితే ఫోన్ ఎత్తుతాడు. మూడో ఆయన ముకర్రం, సొంత జేసీబీ ఉంది, మనిషి నెమ్మదిగా ఉన్నాడు. పొద్దంతా అటూ ఇటూ తిరిగి, "అమ్మా, పక్కలు జర పరేషాన్ పెడుతయ్. కట్టెలు, రేకులు పెట్టి ఆపుకుంట తవ్వాలె" అన్నాడు. ఆయన అటు పోగానే జేమ్స్ "కట్టెల పేరు చెప్పి బిల్లు పెంచుతుండు" అన్నాడు. ఎవరిని నమ్మాలో నాకు తెలియడం లేదు మామా. రోగి ముఖం చూసి జ్వరం ఎంతుందో చెప్పగలను కానీ కాంట్రాక్టర్ ముఖం చదవడం నర్సింగ్‌లో నేర్పలేదు. వీళ్ళను ఏం అడగాలి? జన్మంతా మట్టిలోనే ఉన్నావు, నువ్వే చెప్పు.

జూన్‌లో ప్రార్థన పెట్టించి పని మొదలుపెడతాం. నువ్వు మాత్రం ఈ ఎండల్లో బస్సులు మారుతూ రావద్దు. అన్నీ అయ్యాక నేనే వచ్చి తీసుకొస్తాను.

అత్త మోకాళ్ళకు పంపిన మందు రాత్రి పూట రాయమను.

ఏంజెల్

*

జైనూర్,
14 మే 2023

బిడ్డ ఏంజెల్‌కు, మామ దీవెనలు.

నీ ఉత్తరం చేరింది. అత్తకు చదివి వినిపించాను. నా గొంతు నాకు వినపడదు కాబట్టి వాడంతా విన్నారట. ఇప్పుడు జైనూర్‌లో నీ ఇంటి సంగతి తెలియనివాళ్ళు లేరు.

కాంట్రాక్టర్‌ను ఎన్ని ఇళ్ళు కట్టావని అడగకు. అందరూ చాలా కట్టామనే అంటారు. నీ పని ఎక్కడ చెడింది అని అడుగు. చెప్పినవాణ్ణి కూర్చోబెట్టి చాయ్ ఇవ్వు. ఎక్కడా చెడలేదన్నవాణ్ణి గేటు దాకా సాగనంపు.

ఇంకా మంచి మాట చెప్పనా. కొత్త మనుషులెందుకు, మన కైలాసం లేడా? నేను బావులు తవ్వినన్ని ఏండ్లూ నేను కింద, వాడు పైన. చెవులు పోయాక అందరూ నన్ను బావిలోకి దించడానికి భయపడితే, వాడు ఒక్కడే తాడు నా నడుముకు కట్టి దించాడు. ఒకసారి గుంజితే తట్ట పైకి, రెండుసార్లు గుంజితే మనిషి పైకి. వాడు పైన ఉన్నాడంటే నేను కింద ఫికర్ లేకుండా కునుకు తీసేవాణ్ణి. బోర్లు వచ్చాక బావులు తవ్వించేవాళ్ళు లేక వాడు ఆసిఫాబాద్ పక్క ఇళ్ళ పునాదులు, రాతి గోడలు గుత్తకు పట్టి చేస్తున్నాడు. ఐదారుగురు మనుషులున్నారు. ఇప్పటికీ నాతో ఏదైనా చెప్పాలంటే అంగీ పట్టి గుంజుతాడు దొంగనాయాలు.

ఇక నన్ను రావద్దన్న సంగతి. రాను. మన ఇంట్లో ఆడపిల్ల ఇల్లు కడితే మొదటి గడ్డపార పోటు మేనమామది. నా తోడబుట్టింది, మీ అవ్వ మగ్దలేనమ్మ ఇంటికి మా మామ చెన్నూరు నుంచి జ్వరంతో వచ్చి కొట్టిపోయాడు. అదంతా పాతకాలం అంటే నేనేం చేస్తాను? అల్లుడి ఆఫీసువాళ్ళు వస్తారు, పంచె కట్టుకుని, పిలిస్తే పలకని ముసలోడు మధ్యలో ఎందుకు? నాకు అర్థమైంది.

మనిషి రాకపోయినా మట్టి రావచ్చు కదా. జానెడు లోతు గీకి, కింది మట్టి శేరు ఎత్తు గుడ్డ సంచిలో కట్టి బస్సులో వెయ్యి. చేతిలో పట్టి చూసి కట్టెలు కావాలో వద్దో చెబుతాను.

భైంసా నుంచి పత్తి విత్తనాలు తెప్పించాను. వాన కోసం మొగులు చూస్తూ కూర్చున్నాం.

బక్కయ్య

*

కరీంనగర్,
22 మే 2023

మామా,

పంచె గురించి నువ్వు రాసింది చదివి రెండు రోజులు నీకు రాయకూడదనుకున్నాను. నా పెళ్ళిలో బాపు లేని లోటు తీర్చి, ఆ పంచెతోనే నన్ను చెయ్యి పట్టి చర్చిలోకి నడిపించావు. అప్పుడు సిగ్గుపడనిదాన్ని ఇప్పుడు పడతానా? రావద్దనడానికి కారణం వేరే ఉంది. రాస్తే నీకు ఇంకా కష్టంగా ఉంటుంది, కలిసినప్పుడు చెబుతాను. మూతి ముడుచుకోకు.

మట్టి పంపాను, అందాక రాయి. డ్యూటీ దిగి అదే తెల్ల బట్టలతో పోయాను. నువ్వు చెప్పినట్టే జానెడు లోతు గీకి, కింది నుంచి తీశాను. ఎర్రగా, చక్కగా ఉంది. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూశారు, నర్సమ్మ మట్టి ఎందుకు మూట కడుతోందా అని. బస్సు పార్సిల్ కౌంటర్‌లో "ఏముందమ్మా గిండ్ల" అని అడిగితే మట్టి అన్నాను. ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూసి రసీదు రాశాడు.

కైలాసం కాక ఫోన్ నంబర్ అత్త ఇచ్చింది. మాట్లాడాను. నువ్వు చెబితే వస్తానన్నాడు. జేమ్స్‌కు ఇష్టం లేదు. ముకర్రం దగ్గర మిషన్ ఉంది, మనుషులున్నారు, అన్నీ ఒకచోటే అయిపోతాయి, మీ మామ ఉత్తరాలు చూసి ఇల్లు కట్టుకుంటామా అంటున్నాడు. ఇన్నాళ్ళూ బిల్లు పెంచుతాడన్న ముకర్రమే ఇప్పుడు మంచోడయ్యాడు. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ.

నువ్వు ఏమంటే అది చేస్తాను. నాకు వేరే ఎవరున్నారు అడగడానికి?

ఏంజెల్

*

జైనూర్,
30 మే 2023

బిడ్డా,

నీ మట్టి మూట క్షేమంగా దిగింది. కండక్టర్ దాన్ని సీటు మీద కూర్చోబెట్టి తెచ్చాడట. నాకు ఆ మర్యాద ఎప్పుడూ జరగలేదు.

నీళ్ళు చల్లి ముద్ద చేశాను. వేళ్ళ సందుల్లోంచి జారలేదు. ఎండలో పెట్టాను. అత్త కోళ్ళు పొడిచినా పగల్లేదు. చర్చి మెట్ల మీది నుంచి కిందికి విసిరాను, ఒక పక్క కొంచెం చిట్లింది, అంతే. ఇది మంచి ఎర్ర మొరం. తవ్విన పక్కలు నిటారుగా నిలబడతాయి. దీనికి కట్టెలూ వద్దు, రేకులూ వద్దు. మిషన్‌వాళ్ళకు ఓపిక ఉండదు, తొందరగా గుంజుతారు, అందుకే భయపడతారు. మేం ఇంతకంటే మెత్తటి నేలలో పది నిలువుల లోతు దిగాం. నా బావి ఇంతవరకు ఒక్కటీ కూలలేదు. కావాలంటే కెరమెరి దాకా పోయి అడగమను.

మొన్న కైలాసం వచ్చి ఒక పూట ఉండి పోయాడు. వాడికీ ముద్ద చూపించాను. గోరుతో గీకి తల ఊపాడు. పలక తీసుకుని "నువ్వు గూడ రారాదే అన్నా" అని రాశాడు. పిలిచినప్పుడు వస్తాలే అని చెప్పాను. నువ్వు ఏదో కారణం అన్నావు. ఏ కారణమైతే రాస్తే కష్టంగా ఉంటుందో అది ఎంత కష్టమైందో నేను ఊహించుకోగలను. దాని గురించి ఇక అడగను.

పని వాడికే ఇవ్వు. మధ్యలో మిషన్‌తో తీయించుకోండి, పక్కలు మాత్రం కైలాసం చేతి పనితోనే సరి చేయాలి. అల్లుణ్ణి కోప్పడవద్దని చెప్పు.

బక్కయ్య

*

కరీంనగర్,
18 జూన్ 2023

మామా,

పని మొదలైంది. నీ మాటే నెగ్గింది. జేమ్స్ వారం రోజులు నాతో ముభావంగా ఉన్నాడు, ఇప్పుడు కాస్త నయం.

మధ్యలో తీయడానికి ముకర్రం మిషనే పెట్టాం. కట్టెలు వద్దంటున్నామని చెబితే ఆయన గొడవ చేయలేదు. "మీ ఇల్లు, మీ ఇష్టం. నేను మధ్యల తీసి పోత. పక్కలకు నా బకెట్ పెట్ట" అని మాత్రం అన్నాడు. చిన్నబుచ్చుకున్నాడేమో. మొత్తం పని చేతికి రాలేదని కోపం ఉంటుందిలే అని జేమ్స్ అన్నాడు, నేనూ అదే అనుకున్నాను.

కైలాసం కాక రాగానే నాకు మీ ఇంటి వాసన వచ్చినట్టయింది. తన మనుషులకు అక్కడే రేకుల షెడ్డు వేసుకున్నాడు. కాకకు ఇంటి నుంచి రమ చిన్నమ్మ కట్టి పంపిన జొన్న రొట్టెల్లో నాకు రెండు తీసి పెట్టాడు. సృజనను భుజం మీద ఎక్కించుకుని, ఇక్కడ నీ చదువుకునే అర్ర, ఇక్కడ పొయ్యి అని గాలిలో ఇల్లంతా చూపించాడు. అది నిజంగానే అన్నీ కనిపిస్తున్నట్టు తల ఊపింది.

ప్రార్థన రోజు పాస్టర్ గారు మొదటి పోటు ఎవరు కొడతారని అడిగారు. జేమ్స్ వాళ్ళ అన్న ముందుకు వచ్చాడు. కాక గడ్డపార వదల్లేదు. "గిది బక్కన్నది. ఆయన రాలే, ఆయన పేరు మీద నేను కొడుత" అని కొట్టాడు. జేమ్స్ వాళ్ళ అన్న ముఖం ఎలా ఉందో నువ్వు చూడాల్సింది. నాకు ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది. నువ్వు సంతోషిస్తావని వెంటనే రాస్తున్నాను.

ఏంజెల్

*

జైనూర్,
27 జూన్ 2023

ఏంజెల్‌కు,

ఉత్తరం చేరింది. పని మొదలైనందుకు సంతోషం.

నా పేరు చెప్పి ఇంకొకడు కొట్టాడని రాశావు. పోయినవాళ్ళ పేరు మీద అలా చేస్తారని విన్నాను. బతికి ఉన్నవాళ్ళ పేరు మీద కూడా చేస్తారని ఇప్పుడు తెలిసింది. కైలాసాన్ని ఏమీ అనను, వాడు ప్రేమతోనే చేశాడు.

విత్తనం పెట్టాం. పనులున్నాయి. కొన్నాళ్ళు రాయకపోతే ఏమీ అనుకోకు.

బక్కయ్య

*

కరీంనగర్,
19 జూలై 2023

మామా,

నీకు కోపం ఉంది. ఉండనీ. ఈ ఉత్తరం చదివాక తిట్టు, కానీ రా.

ఐదు రోజుల నుంచి వాన విడవడం లేదు. అత్తకు ఫోన్ చేస్తే కలవడం లేదు. జైనూర్ పక్క టవర్ లేదంటున్నారు. అందుకే స్పీడ్ పోస్ట్‌లో వేస్తున్నాను, ఎప్పుడు చేరుతుందో దేవుడికే తెలియాలి.

గుంత మధ్యలో తీయడం అయిపోయింది. కాక వాళ్ళు పక్కలు సరి చేస్తూ రాతి గోడ కింద నుంచి లేపుతున్నారు. ఉత్తరం వైపు పైన నేల మీద సన్నగా పగులు వచ్చింది, నా బొటనవేలు పడుతుంది. నిన్న సాయంత్రం కాక నన్ను పక్కకు పిలిచాడు. "బిడ్డా, పైనున్న మన్ను తీరు లేదు కిందున్నది. ఇటుక ముక్కలెల్తున్నయ్, బూడిదెల్తుంది. అన్నకు ఒక్కసారి సూపియ్యాలె" అన్నాడు. పని ఆపుదామా అని అడిగాను. వాన తగ్గగానే ఆ ఒక్క పక్క గోడ లేపేస్తే గండం గడుస్తుంది, ఆపితేనే ప్రమాదం అన్నాడు. ముకర్రంను కట్టెలు తెమ్మని అడుగుదామని జేమ్స్‌తో అంటే, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడుగుతావు అన్నాడు.

నిన్ను ఎందుకు రావద్దన్నానో ఇప్పుడు రాస్తాను. మా హాస్పిటల్‌కు ఒకసారి ఒక మనిషిని తెచ్చారు. మిషన్ వెనక్కి వస్తూ తొక్కింది. హారన్ కొట్టాడట, ఆయనకు చెవుడు. ఆ మనిషిని చూసిన దగ్గర్నుంచి మిషన్ అంటే నాకు నువ్వే గుర్తొస్తావు. నీ చెవుల గురించి నేను ఎత్తితే బాధపడతావని రాయలేదు. ఇదే కారణం. నువ్వు ఊహించుకున్నది కాదు.

మిషన్ ఇప్పుడు లేదు. రా మామా.

ఏంజెల్

*

జైనూర్,
22 జూలై 2023

బిడ్డా ఏంజెల్,

ఇక్కడ వాగులన్నీ పొంగాయి. బస్సు లేదు, కరెంటు లేదు, అత్త ఫోన్ బొగ్గులా పడి ఉంది. నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. నేనే కదా రాయనన్నాను, నువ్వూ పట్టుబట్టావేమో.

నిన్న అత్త పలక మీద నాకు నాలుగు చీవాట్లు రాసింది. చోటు చాలక వెనక్కి తిప్పి కూడా రాసింది. అందులో ఒకటి, ఆ పిల్లకు నువ్వు తప్ప ఎవరున్నారని. అది చదివాక అన్నం సహించలేదు. కోపం దించుకున్నాను బిడ్డా. నువ్వు పిలవకపోయినా స్లాబు వేసే రోజుకు వస్తాను, పంచె కట్టుకునే వస్తాను. ఎక్కడో ఒక మూల కూర్చుంటాను.

కైలాసానికి చెప్పు, వానలో పని చేసి జ్వరం తెచ్చుకోవద్దని. వాడు చెబితే వినడు. రెండుసార్లు అంగీ గుంజి చెప్పు.

వాగు తగ్గగానే దీన్ని ఎవరితోనైనా ఆసిఫాబాద్ పంపి పోస్టులో వేయిస్తాను.

మీ మామ
బక్కయ్య

*

కరీంనగర్,
31 జూలై 2023

మామా,

స్లాబుకు వస్తానని నువ్వు రాసిన ఉత్తరం ఇవాళ వచ్చింది. పోస్ట్‌మ్యాన్ చేతిలో నీ అక్షరాలు చూసి గడపలోనే కూర్చుని చదివాను.

కైలాసం కాకను మట్టి చేసిన రోజు నువ్వు అవతలి పక్క నిలబడ్డావు. నేను ఇవతల ఉన్నాను. రమ చిన్నమ్మ ఏడుపుకు అందరూ చెవులు మూసుకుంటున్నారు, నువ్వు మాత్రం కదలకుండా ఆమె నోటి వైపే చూస్తున్నావు. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. నేను దగ్గరికి వచ్చేలోపు వెళ్ళిపోయావు. నీకు ఏం తెలుసో ఏం తెలియదో నాకు తెలియదు. అందుకే రాస్తున్నాను.

కాక పోయిన రోజు వాన తెరిపిచ్చి మంచి ఎండ వచ్చింది. కాక సంబరపడి అందరికంటే ముందు తాను దిగాడట. మిగతావాళ్ళు రాళ్ళు అందించడానికి పైకి వచ్చారు. ఉత్తరం పక్క మొత్తం ఒక్కసారే మీదికి వచ్చింది. చప్పుడు కూడా పెద్దగా కాలేదన్నారు. నేను డ్యూటీలో ఉన్నాను. ఫోన్ రాగానే ఆటోలో పోయాను. నాకంటే ముందే ముకర్రం మిషన్‌తో వచ్చి ఉన్నాడు, ఎవరు పిలిచారో తెలియదు. బకెట్ తగిలితే మనిషి తెగుతాడని మిషన్ బంద్ చేసి తానే దిగి చేతులతో తోడుతున్నాడు. గోర్లు ఊడి రక్తం కారుతున్నా ఆపలేదు. "యా అల్లా, జల్ది, జల్ది" అని అదొక్కటే అంటున్నాడు.

బయటికి తీశాక నేను చేయగలిగిందంతా చేశాను. నోట్లోంచి మట్టి తీసి, ఊపిరి ఊది, ఛాతీ మీద నొక్కాను. ఎంతసేపు నొక్కానో నాకు గుర్తు లేదు. ఎవరో నా భుజాలు పట్టి లేపారు. నా నోట్లో ఇప్పటికీ ఆ మట్టే ఉన్నట్టుంది. అన్నం ముద్ద పెట్టుకుంటే కసకస అంటుంది.

పోలీసులు జేమ్స్‌ను రెండుసార్లు పిలిచారు. ఆయన నాతో మాట్లాడటం లేదు. ఒకే ఒక మాట అన్నాడు, "మీ మామ మట్టి చూసి చెప్పిండు గదా" అని. మామా, నువ్వు ముద్ద చేసి, ఎండబెట్టి, విసిరి చూసి చెప్పావు. మరి ఎలా కూలింది? నిన్ను నిలదీయడానికి అడగడం లేదు. లేదు, నిలదీయడానికే అడుగుతున్నాను. నాకు ఇంకెవరూ చెప్పలేరు.

సృజన, కాక చూపించిన తన అర్ర ఎప్పుడొస్తుందని అడుగుతోంది. ఆ గుంతను ఏం చేయాలో కూడా నాకు తెలియదు.

ఏంజెల్

*

జైనూర్,
13 ఆగస్టు 2023

బిడ్డా,

రా అని నువ్వు రాసిన ఉత్తరం నేను కైలాసాన్ని మట్టి చేసి వచ్చాక నా చేతికి వచ్చింది. చర్చి అరుగు మీద కూర్చుని చదివాను. వాన లేకపోతే అది ముందే చేరేదా, చేరితే నేను వచ్చేవాణ్ణా అని ఆలోచిస్తున్నాను. వచ్చేవాణ్ణి. కానీ ఆ మాట ఇప్పుడు రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

అడిగావు కాబట్టి చెబుతాను. ఆ ఉత్తరం చదివిన మర్నాడే నేను కరీంనగర్ వచ్చాను. నీకు చెప్పలేదు. నీ గుంత దగ్గరికి పోయాను. ముకర్రం తన మిషన్ తీసుకుపోవడానికి వచ్చి ఉన్నాడు, చేతులకు కట్లున్నాయి. నేనెవరో సైగలతో చెప్పాను. అతను నన్ను చెయ్యి పట్టి కిందికి దించాడు. కూలిన పక్క నుంచి గుప్పెడు తీసి ముద్ద చేశాను. చెయ్యి తెరిస్తే రాలిపోయింది. బూడిద, ఇటుక పెంకులు, చినిగిన కవర్లు. అతను ఫోన్లో తెలుగులో రాసి చూపించాడు. "గిది ఇటుక బట్టీ గుంత. చెత్తతోని పూడ్చి మీద మొరం పోసి అమ్మిండ్రు. గీడ అందరికి ఎరుకే." మరి ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "కట్టెలు పెట్టాలంటేనే బిల్లు పెంచుతుండు అన్నరు. ఇంకేం చెప్పాలె పెద్దాయినా" అని రాశాడు.

నువ్వు పంపిన మూట ఇంట్లోనే ఉంది. అది ఎక్కడి నుంచో టిప్పర్‌లో వచ్చి మీద పోసిన మొరం. నీ తప్పు లేదు, జానెడు లోతు అని రాసింది నేను. మా గుట్టల్లో జానెడు కింద ఏముంటే చివరి దాకా అదే ఉంటుంది. ఒక నేల మీద ఇంకో నేల తెచ్చి పోస్తారని నా బుద్ధికి అందలేదు. రోడ్డుకు సమానంగా ఎత్తు చేసి అమ్మారని నీ మొదటి ఉత్తరంలోనే ఉంది. మళ్ళీ తీసి చూశాను. అప్పుడూ చదివాను. కానీ నా కన్నంతా నువ్వు రావద్దన్న మాట మీదే ఉంది.

ఎక్కడా చెడలేదన్నవాణ్ణి గేటు దాకా సాగనంపమని నేనే నీకు రాశాను. ఆ వెనకాలే నా బావి ఒక్కటీ కూలలేదని కూడా నేనే రాశాను. నన్ను అప్పుడే సాగనంపాల్సింది బిడ్డా.

జేమ్స్‌కు ఈ ఉత్తరం చూపించు. పోలీసులకు కూడా ఇవ్వు. మట్టి చూసి చెప్పింది నేనే అని వాళ్ళ ముందు చెబుతాను.

మొన్న రమ దగ్గరికి పోయాను. అత్తను వెంట తీసుకుపోయాను. జరిగిందంతా దాచకుండా చెప్పాను. ఆమె తల ఎత్తకుండా ఏదో అంది. నాకు పెదవులు కనిపించలేదు. అత్తను అడిగితే చెప్పనంది. పలక ఆమె చేతిలో పెట్టి అక్కడే కూర్చున్నాను. అప్పుడు రాసింది. "నువ్వు మట్టిని నీ ఇంటికి తెప్పిచ్చుకున్నవ్ బావా. నువ్వే మట్టికాడికి పోతె ఏంబోతుండె?"

పలక తుడవకుండా ఆమె పక్కన పెట్టాను.

లేచి వస్తుంటే రమ వాకిట్లోకి వచ్చి నా అంగీ పట్టి గుంజింది. వాడు గుంజినట్టే. ఈసారి నా ముఖంలోకి చూసి, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా అంది. "ఆ ఇంట్ల ఎవలన్న ఉండనియ్యి. గని ఆయన లేపుతున్న గోడ సగంల ఉన్నది. అది నువ్వే లేపాలె." సరేనన్నాను.

కాబట్టి గుంతను పూడ్చవద్దు. అలాగే ఉంచు. పోలీసుల పని అయిపోయాక, వానలు వెళ్ళాక నేను వస్తాను. ముకర్రంతో మాట్లాడాను, కట్టెలు, రేకులు, జాకీలు అతను ఎంత చెబితే అంత పెట్టి ఆపుతాడు. అతని మనుషులు పైనుంచి రాళ్ళు అందిస్తారు. కింద ఆ ఉత్తరం పక్కకు నేనే దిగుతాను, ముసలివాడివని నాకు ఎవరూ చెప్పవద్దు.

మిషన్ కింద పడతానని నన్ను రావద్దన్నావు. మంచి మనసుతోనే అన్నావు, ఇప్పుడు తెలిసింది. కానీ బిడ్డా, తాడుకు చెవులు అక్కర్లేదు. ఇన్నేండ్లూ నేను కింద ఉంటే వాడు పైన ఉన్నాడు. వాడు కింద ఉన్న రోజు పైన నేను లేను. ఇద్దరం చేసే పని వాడు ఒక్కడే చేశాడు.

కైలాసం తాడు రమ నాకు ఇచ్చింది. తెస్తున్నాను. నువ్వు డ్యూటీకి సెలవు పెట్టి ఉంచు. పైన నువ్వు నిలబడాలి, ఇంకెవరికీ ఇవ్వను. ఒకసారి గుంజితే తట్ట పైకి, రెండుసార్లు గుంజితే నన్ను. చేతులకు గుడ్డ చుట్టుకో, కొత్తలో తాడు కోస్తుంది.

బక్కయ్య